ఒక చెంచా తక్కువ పెట్టండి

ప్రశ్న: మాది గుంటూరు. టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఒక ప్రీస్కూల్లో అసిస్టెంట్ టీచరుగా చేస్తున్నాను. మా తరగతిలో పద్నాలుగు మంది, అందరూ నాలుగేళ్ల వాళ్లే. ఎక్కువమంది మెక్సికో కుటుంబాల పిల్లలు, ముగ్గురు ఎల్ సాల్వడార్ వాళ్లు. ఇంట్లో స్పానిష్, బయట ఇంగ్లీషు. రాబోయే రెండు వారాలు ‘ఇంటిల్లిపాదీ కలిసి భోంచేయడం’ అనే పాఠం నాకు అప్పగించారు. ఆఖరి శుక్రవారం పిల్లల ఇళ్ల నుంచి పెద్దవాళ్లు వచ్చి వాళ్లతో కూర్చుని తింటారు. నాకు స్పానిష్ అంతంతమాత్రం. నేను స్పానిష్‌లో అడిగితే పిల్లలు ఇంగ్లీషులో జవాబిస్తున్నారు. ఒక బాబు బల్ల దగ్గర నోరే విప్పడు. ఒక తల్లి ‘ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమంటారా?’ అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. ఏం వండాలి, ఎలా మాట్లాడించాలి? వచ్చీరాని స్పానిష్ నేను మాట్లాడొచ్చా? ఆ రోజు పులిహోర చేసి తీసుకెళ్లొచ్చా?

సమాధానం:

సోమవారం భోజనానికి కూర్చునేటప్పుడు మీ బల్ల దగ్గరున్న ఆరుగురికి అయిదు చెంచాలే పెట్టండి. ఏమీ అనకండి. చెంచా రాని పాప మీ వంక చూస్తుంది, పక్కవాడి చెంచా వంక చూస్తుంది. అప్పుడు మీరు బల్ల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే స్పానిష్‌లో లెక్కపెట్టండి: ఊనో, దోస్, త్రేస్, క్వాత్రో, సింకో. ఆగండి. మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టుకునేంత సేపు ఆగండి. ఎవరో ఒకరు ‘ఫాల్తా ఊనా కుచారా’ అంటారు. ఒక చెంచా తక్కువైంది అని. ఎవరూ అనకపోతే మీరే అని, చెంచా తెచ్చి ఆ పాప చేతికివ్వండి. మర్నాడు గ్లాసు తక్కువ పెట్టండి.

ఈ రెండు వారాల పాఠం మొత్తానికీ ఇదే ఇరుసు. చెంచా బొమ్మ చూపించి ‘దీన్ని స్పానిష్‌లో ఏమంటారు?’ అని అడిగితే, ఆ సంగతి మీకు తెలుసని నాలుగేళ్ల పిల్లకి కూడా తెలుసు. తెలిసినదాన్ని మళ్లీ అడిగేవాళ్లకి పిల్లలు ముక్తసరిగా, తమకు సులువైన భాషలో, అంటే ఇంగ్లీషులో, చెప్పేసి ఊరుకుంటారు. చెంచా నిజంగా లేనప్పుడు పుట్టే మాట వేరు. బల్ల దగ్గర అలాంటి నిజమైన అవసరాలు పదుల్లో ఉంటాయి: ఏదో అందదు, ఏదో ఒలుకుతుంది, ఒకటి ఇంకా కావాలి, ఇంకొకటి అసలు వద్దు. వాటిని మాటల్లోకి తేవడమే మీ పని.

దీనికి ఒక హద్దుంది, అది దాటకండి. స్పానిష్‌లో అడిగితేనే పెడతానని తిండిని ఎప్పుడూ ఆపొద్దు. ఆకలి మీద ఉన్న పిల్లకి ఏ భాషలో అడిగినా, వేలితో చూపించినా అన్నం అందాలి. చెంచా తక్కువ పెట్టడం కూడా పూటకి ఒక్కసారే. రెండోసారి చేస్తే పిల్లలకి అది ఆటపట్టించడం అయిపోతుంది, మీ మీద నమ్మకం పోతుంది.

మీ స్పానిష్ సంగతికి వద్దాం. మాట్లాడండి, నిస్సంకోచంగా మాట్లాడండి. తెలుగు నోటికి స్పానిష్ ఎంత దగ్గరో మీరు గమనించారో లేదో. స్పానిష్‌లో ఉన్నవి మన త, ద. ఇంగ్లీషు పలుకుబడిలోని ట, డ కాదు. వాళ్ల రొట్టె తోర్తియా అంటే తోర్తియానే. అచ్చులు అయిదు, ఎప్పుడూ శుభ్రంగా పలుకుతాయి. రాసినట్టే చదువుతారు. హెచ్ అక్షరాన్ని పలకకుండా వదిలేస్తే చాలా వరకు సరిపోతుంది. ఇంగ్లీషే పుట్టుభాష అయినవాళ్లు ఏళ్ల తరబడి కుస్తీ పట్టే చోట మీరు మొదటి వారంలోనే బయటపడతారు.

వాక్యాల్లో ఇంకా దగ్గరితనం కనిపిస్తుంది. ‘నాకు అన్నం ఇష్టం’ అంటాం. స్పానిష్‌లో ‘మే గూస్తా ఎల్ అర్రోస్’. అక్కడా ఇష్టపడేది ‘నేను’ కాదు, ‘నాకు’. చేతిలోంచి గ్లాసు జారితే మనం ‘పడేశాను’ అనం, ‘పడిపోయింది’ అంటాం. వాళ్లు ‘సే మే కాయో’ అంటారు. తప్పు పిల్లాడి మీద పడకుండా గ్లాసే కింద పడుతుంది. పాలు ఒలికిన ప్రతిసారీ మీ నోట ముందు రావాల్సిన మాట ఇదే. ‘సే తే కాయో, నో పాసా నాదా’, అంటే ‘జారిపోయిందిలే, ఏం ఫరవాలేదు’. వెంటనే తుడిచే గుడ్డ ఆ పిల్లాడి చేతికే ఇవ్వండి.

ఇంగ్లీషు కలిపేసినదాన్ని తెలుగూ స్పానిషూ విడిగా ఉంచిన చోటు ఒకటుంది. భోజనాల దగ్గర దానికి చాలా విలువ. ఇంగ్లీషులో ‘హాట్’ అంటే వేడీ అదే, కారమూ అదే. మనకి వేడి వేరు, కారం వేరు. స్పానిష్‌లో వేడిగా ఉంటే ‘ఎస్తా కాలియెంతే’, కారంగా ఉంటే ‘పీకా’. ఇంగ్లీషు బలపడుతున్న పిల్లలు కారపు సల్సా నోట పెట్టుకుని కూడా ‘ఎస్తా కాలియెంతే’ అనేస్తుంటారు. సరిదిద్దకండి. సూప్ గిన్నె పైన అరచెయ్యి పెట్టి ‘కాలియెంతే’ అనండి. సల్సా దగ్గర నాలుక బయటపెట్టి చేత్తో విసురుకుంటూ ‘పీకా’ అనండి. రెండు రోజుల్లో పిల్లలే ఒకరికొకరు చెప్పుకుంటారు.

గౌరవ వాచకాల్లో మాత్రం జాగ్రత్త. నువ్వు, మీరు తేడా స్పానిష్‌లోనూ ఉంది: తూ, ఉస్తెద్. చాలా మెక్సికన్ ఇళ్లలో నానమ్మని, అమ్మమ్మని ఉస్తెద్ అనే పిలుస్తారు. పిల్లాడిని ‘ఇంకా కావాలా?’ అని అడిగేటప్పుడు ‘కియేరెస్ మాస్?’ అంటారు. శుక్రవారం వచ్చే అబ్వేలాని, అంటే అమ్మమ్మనో నానమ్మనో, అడిగేటప్పుడు ‘కియేరే మాస్?’ అనాలి. చివరి ‘స్’ పోతే మర్యాద వస్తుంది. ‘ఇటివ్వు’ అంటే ‘పాసమే’, ‘ఇటివ్వండి’ అంటే ‘పాసెమే’. ఎల్ సాల్వడార్ వాళ్ల ఇళ్లలో తూకి బదులు ‘వోస్’ వినిపిస్తుంది, అప్పుడు ‘పసామే’ అని మధ్యలో ఒత్తుతారు. ఆ ముగ్గురు పిల్లలూ అలా అంటే తప్పు పట్టకండి, అది వాళ్ల ఇంటి స్పానిష్.

ఇంటి మాటల విషయంలో మీకు తెలియకపోవడమే మీ బలం. ‘కోమో లే దీసెన్ ఎన్ తూ కాసా?’ (దీన్ని మీ ఇంట్లో ఏమంటారు?) అన్న ప్రశ్న బాగా నేర్చుకోండి. అరటిపండుని మెక్సికో పిల్లలు ప్లాతనో అంటే సాల్వడార్ పిల్లలు గినేయో అనొచ్చు. పాలు తాగే స్ట్రా ఒకరికి పొపోతే, ఇంకొకరికి పహీయా. ఈ ప్రశ్నకి జవాబు మీకు నిజంగానే తెలియదని పిల్లలకి తెలుసు కాబట్టి ఉత్సాహంగా చెప్తారు, మీ పలుకుబడి కూడా దిద్దుతారు. దిద్దనివ్వండి. రెండు మాటలూ పక్కపక్కనే రాసి గోడకి పెట్టండి. స్పానిష్ మాటలన్నీ ఒకే రంగులో, ఇంగ్లీషువి మరో రంగులో రాయండి. చదవడం రాని పిల్లలు కూడా రంగుని బట్టి ఏది ఏ భాషో పట్టేస్తారు. మాట ఒక్కటే కాకుండా ముందున్న ఎల్, లా కూడా రాయండి: లా మేసా (బల్ల), లా కుచారా (చెంచా), ఎల్ ప్లాతో (పళ్లెం), ఎల్ వాసో (గ్లాసు), లా సెర్వియేతా (చేతిగుడ్డ). నీళ్ల దగ్గర తడబడతారు. ‘ఎల్ ఆగ్వా’ అన్నా అది స్త్రీలింగమే, అందుకే చల్లటి నీళ్లు ‘ఎల్ ఆగ్వా ఫ్రీయా’ అవుతుంది.

ఇప్పుడు మీ అసలు బాధ, ఇంగ్లీషు జవాబులు. ఒక పాప అడుగున బీన్స్ మిగిలిన గిన్నె వైపు చెయ్యి చాచి ఇంగ్లీషులో ‘ఇంకా కావాలి’ అంటుంది. మీరు ‘స్పానిష్‌లో చెప్పు’ అంటే ఆ చెయ్యి వెనక్కి వెళ్లిపోతుంది. మీరూ ఇంగ్లీషులోకి మారి ‘ఓకే’ అంటే రేపటి నుంచి స్పానిష్‌తో పని ఉండదు. ఈ రెండింటికీ మధ్య చేయగలిగినది చాలా ఉంది. ఎలిజబెత్ లాంజా అనే భాషాశాస్త్రవేత్త నార్వేజియన్, ఇంగ్లీషు రెండూ వింటూ పెరిగే పసిపిల్లలతో తల్లిదండ్రులు ఎలా మాట్లాడతారో పరిశీలించి, 1997లో వచ్చిన పుస్తకంలో అయిదు పద్ధతులు గుర్తించారు: అర్థం కానట్టు ఉండడం, ఊహించి తిరిగి అడగడం, అదే మాటని తన భాషలో చెప్పడం, పట్టించుకోకుండా సంభాషణ సాగించడం, పిల్లల భాషలోకి తానూ మారిపోవడం. మొదటిది మీకు నప్పదు, మీకు ఇంగ్లీషు వచ్చని పిల్లలకి తెలుసు. చివరిది చేయకూడదు. మీ పని రెండు, మూడు పద్ధతులతో.

అంటే ఇలా. పాప ఇంగ్లీషులో ఇంకా కావాలంది. మీరు గరిటె గిన్నెలో పెట్టి ‘మాస్ ఫ్రిహోలెస్, ఓ మాస్ అర్రోస్?’ అనండి, బీన్సా అన్నమా అని. ‘అవును’ అంటే సరిపోని ప్రశ్న ఇది, రెండిట్లో ఒకటి పలకాలి. ‘ఫ్రిహోలెస్’ అంటుంది. అది ఇంగ్లీషులో అరిగిపోయిన మాట కాదు, ఇంట్లో రోజూ వినే మాట, అందుకే నోటికి తొందరగా వస్తుంది. వడ్డిస్తూ ‘మాస్ ఫ్రిహోలెస్, క్లారో కే సీ’ (ఇంకాసిని బీన్స్, తప్పకుండా) అని పూర్తి వాక్యం మీరు చెప్పేయండి. అంతే, వదిలేయండి. ఇలా అవును కాదు ప్రశ్నలతో మొదలుపెట్టి, రెండిట్లో ఏది అన్నవాటికి, అక్కణ్ణుంచి ‘మీ ఇంట్లో తోర్తియాలు ఎవరు చేస్తారు?’ వంటి ప్రశ్నలకి రెండు వారాల్లో చేరుకోవచ్చు.

పిల్లలు ఒకే వాక్యంలో రెండు భాషలు కలిపితే కంగారు పడకండి. న్యూయార్క్‌లోని పోర్టోరికో వాళ్ల మాటల మీద షానా పోప్లాక్ 1980లో ప్రచురించిన పరిశోధన తేల్చింది ఇదే: భాషలు కలపడానికి కూడా వ్యాకరణం ఉంది, రెండూ బాగా వచ్చినవాళ్లే వాక్యం మధ్యలో చక్కగా మారగలరు. మనం ‘బస్ మిస్సయ్యాను’ అనడం తెలుగు రాక కాదు కదా.

మీరు మాత్రం ఒక పని చేయొద్దు. ప్రతి వాక్యాన్నీ స్పానిష్‌లో చెప్పి వెంటనే ఇంగ్లీషులో అనువదించకండి. ద్విభాషా తరగతుల్లో తరచుగా జరిగే పొరపాటు ఇది. ఎలాగూ రెండోసారి ఇంగ్లీషులో వస్తుందని తెలిశాక పిల్లలు మొదటి వాక్యం వినడం మానేస్తారు. భోజనం బల్ల దగ్గర స్పానిష్, తర్వాత చాప మీద కథ చెప్పుకునేటప్పుడు ఇంగ్లీషు అని చోటునిబట్టి విడగొట్టండి. అర్థం కావడానికి అనువాదం అక్కర్లేదు, చేతిలో గరిటె ఉంది, ఎదురుగా గిన్నె ఉంది.

మాట్లాడని బాబు గురించి ముందుగా వాళ్ల అమ్మానాన్నల్ని ఒకే ప్రశ్న అడగండి: ఇంట్లో మాట్లాడతాడా? కొత్త భాషలోకి వచ్చిన పిల్లలు కొన్నాళ్లు వింటూ మౌనంగా ఉండటం మామూలే. ఆ పిల్లాడికి మాట అక్కర్లేని పని ఇవ్వండి, చేతిగుడ్డలు పంచడం లాంటిది. పక్కన కూర్చుని మీరే ‘ఊనా పారా తీ’ (నీకొకటి) అంటూ ఉండండి, అతను అనాలని ఎదురుచూడకండి. ఇంట్లో గలగలా మాట్లాడుతూ బడిలో మాత్రం, చేరిన తొలి నెల గడిచాక కూడా, నెలకి పైగా మాటే రాకపోతే, లేదా ఇంట్లో స్పానిష్‌లో కూడా మాటలు తక్కువైతే, ఆలస్యం చేయకుండా మీ పై టీచరుతో, తల్లిదండ్రులతో మాట్లాడండి. అమెరికాలో మూడేళ్లు నిండిన పిల్లలకి మాటల్లో ఇబ్బంది ఉందేమో ప్రభుత్వ బడుల ద్వారా ఉచితంగా పరీక్ష చేయించమని అడిగే హక్కు తల్లిదండ్రులకుంది. పరీక్ష రెండు భాషల్లోనూ చేయాలని అడగమనండి. ఒక్క ఇంగ్లీషులోనే చేస్తే స్పానిష్‌లో వచ్చినదంతా లెక్కలోకి రాదు.

ఆ తల్లికి మీరు చెప్పాల్సిన జవాబు స్పష్టంగా ఉంది: ఇంట్లో స్పానిష్ ఆపొద్దు. రెండు భాషలు వినడం వల్ల పిల్లలకి మాటలు ఆలస్యం కావు. ఇంగ్లీషు బడి నేర్పుతుంది, వీధి నేర్పుతుంది, టీవీ నేర్పుతుంది. స్పానిష్ నేర్పడానికి ఆ ఇల్లు తప్ప ఇంకో చోటు తక్కువ. బెల్జియంలో దాదాపు 1,900 కుటుంబాల మీద అనిక్ డి హౌవర్ చేసిన సర్వే 2007లో వచ్చింది. తల్లిదండ్రులిద్దరూ ఇంట్లో తమ భాషే మాట్లాడిన చోట దాదాపు అన్ని కుటుంబాల్లోనూ పిల్లలు ఆ భాష మాట్లాడారు. ఒకరు తమ భాష, ఇంకొకరు ఊరి భాష మాట్లాడిన ఇళ్లలో దాదాపు నాలుగోవంతు చోట్ల పిల్లల నోట ఇంటి భాష రాలేదు. ఈ సంగతి ఇర్వింగ్‌లోని మన తెలుగు ఇళ్లకి కూడా వర్తించొచ్చు. రోజంతా కాకపోయినా రాత్రి భోజనం ఒక్కటైనా పూర్తిగా స్పానిష్‌లో, టీవీ, ఫోను కట్టేసి తినమని ఆవిడకి చెప్పండి. బాస్టన్ ప్రాంతంలో కేథరిన్ స్నో బృందం 1980ల చివర్లో మొదలుపెట్టిన పరిశోధనలో ఇళ్లలో భోజనాల దగ్గర మాటలు రికార్డు చేశారు. కొత్త పదాలు ఎక్కువగా దొరికింది ‘ఇది తిను, అది ముట్టుకోకు’ల్లో కాదు, ఆ రోజు జరిగిన సంగతి చెప్పుకోవడంలో, ఏది ఎందుకలా జరిగిందో వివరించుకోవడంలో.

స్పానిష్‌లో ఇలాంటి కబుర్లకి పేరు కూడా ఉంది: సోబ్రెమేసా. తినడం అయ్యాక బల్ల దగ్గరే కూర్చుని కబుర్లు చెప్పుకునే సమయం. నాలుగేళ్ల పిల్లలు పళ్లెం ఖాళీ కాగానే లేచిపోతారు కాబట్టి, బల్ల మీద ఏదో ఒకటి చివరికి మిగల్చండి. కమలా తొనలు పిల్లకి రెండేసి. అవి తినేలోపు అయిదు నిమిషాలు దొరుకుతాయి. ఆ అయిదు నిమిషాల్లో ఒకే ఒక ప్రశ్న వేయండి.

ఇళ్లకి పంపే కాగితంలో ‘మీ కుటుంబ భోజనం బొమ్మ గీయండి’ అని బల్లా నాలుగు కుర్చీలూ వేసి పంపకండి. రాత్రి షిఫ్టు చేసే నాన్న శనివారం పొద్దున్నే దొరుకుతాడు. ఒక పాప అబ్వేలాతోనే తింటుంది. ఒకడు అమ్మ పని నుంచి వచ్చే దారిలో కారులో తింటాడు. ఖాళీ కాగితం పళ్లెం ఇచ్చి ‘నీతో ఎవరు తింటారో గీయి’ అనండి, ఎంతమందైనా సరే. భోజనాల పేర్లు కూడా అందరికీ ఒకటి కావు. మెక్సికోలో పెద్ద భోజనం మధ్యాహ్నం రెండు, నాలుగు గంటల మధ్య తినే కోమీదా. అల్ముయెర్సో అంటే చాలాచోట్ల మన టిఫిన్ వేళకి దగ్గర. ఎల్ సాల్వడార్‌లో అల్ముయెర్సోనే మధ్యాహ్న భోజనం. మీరు ‘లా కోమీదా’ అంటే చాలు.

పుస్తకం మీరే చేసుకోండి, కొనక్కర్లేదు. ఎనిమిది పేజీలు, ఒక్కో పేజీలో బల్ల బొమ్మ, ఒక్కో కుర్చీ నిండుతూ ఉండాలి. ప్రతి పేజీలో ‘కియెన్ ఫాల్తా?’, ఇంకా ఎవరు రావాలి? ‘ఫాల్తా పాపా.’ పేజీ తిప్పితే ‘యా యేగో పాపా.’ వచ్చేశాడు. ఆఖరి పేజీలో అందరూ ఉంటారు: ‘అఓరా సీ, ఆ కొమేర్!’ ఇక తిందాం. చెంచా తక్కువైనప్పుడు వాడిన ఫాల్తానే ఇది కూడా. మనిషి రాకపోయినా, చెంచా లేకపోయినా అదే మాట. స్పానిష్ ఒక పుస్తకంగా, ఇంగ్లీషు మరో పుస్తకంగా కుట్టండి. రెండూ ఒకే పేజీలో ఉంటే చదివేవాళ్లు తమకు తేలికైనదే చదువుతారు.

వంట. రెండో వారం బుధవారం మొక్కజొన్న తోర్తియాలు పిల్లల చేత నొక్కించండి. కావాల్సిన పిండి మాసా అరీనా, సున్నపు నీళ్లలో ఉడికించి కడిగిన మొక్కజొన్నలతో చేసే పిండి. మనవాళ్లు కార్న్‌ఫ్లోర్ అనే తెల్లటి గంజిపొడి పనికిరాదు, పంజాబీ మక్కీ పిండి కూడా పనికిరాదు. సున్నంలో ఉడకడం వల్లే ఈ పిండికి జిగురు వస్తుంది. రెండు కప్పుల పిండి, ఒకటిన్నర కప్పుల గోరువెచ్చటి నీళ్లు, పావు టీస్పూను ఉప్పు. పదహారు తోర్తియాలు అవుతాయి, పిల్లకొకటి పోగా ఇంకో రెండు చెడినా ఫరవాలేదు. కలిపి తడిగుడ్డ కప్పి ఇరవై నిమిషాలు ఉంచండి. నిమ్మకాయంత ఉండ చేసి వేలితో నొక్కి చూడండి. జొన్నరొట్టె తట్టే చేతికి ఇది వెంటనే తెలిసిపోతుంది: అంచులు పగిలితే నీళ్లు తక్కువ, ఒక్కో చెంచా చొప్పున తడపండి. ప్లాస్టిక్‌కి అంటుకుంటే నీళ్లెక్కువ, చిటికెడు పిండి చల్లండి. తోర్తియా నొక్కే ప్రెస్సుకి రెండు వైపులా, జిప్ కవరు కత్తిరించి పరచాలి. పిల్ల రెండు చేతులతో పిడి మీద వాలితే అరచేయంత తోర్తియా వస్తుంది. ప్రెస్సు లేకపోతే బరువైన పళ్లెంతో నొక్కించండి.

పెనం, అంటే కోమాల్, పెద్దవాళ్ల దగ్గరే, పిల్లల చేతికందని బల్ల మీద. బాగా కాలాక వేసి అంచులు లేచేదాకా ముప్పై సెకన్లు, తిప్పి నిమిషం, మళ్లీ తిప్పి పావు నిమిషం. పొంగితే ‘సే ఇన్‌ఫ్లో!’ అని పిల్లలు కేకలు పెడతారు. పొంగకపోతే పెనం చల్లగా ఉన్నట్టు, లేదా పిండి పొడిగా ఉన్నట్టు. దింపిన ప్రతిదాన్నీ గుడ్డలో చుట్టి బుట్టలో పెట్టాలి. ఆవిరికే మెత్తబడతాయి. బయట వదిలేస్తే నిమిషాల్లో అట్టముక్కలౌతాయి.

శుక్రవారానికి సోపా దే ఫిదేయో, అంటే సేమ్యా సూప్, వండండి. మెక్సికన్ ఇళ్లలో పిల్లల భోజనం ఇదే, మీ చేతికి కొత్త కూడా కాదు, సేమ్యా వేయించడమే. 200 గ్రాముల ఫిదేయో ప్యాకెట్, రెండు పెద్ద చెంచాల నూనె. మధ్యస్థం మంట మీద మూడు నాలుగు నిమిషాలు, బంగారు రంగు వచ్చేదాకా కలుపుతూనే ఉండాలి. ఒక్క నిమిషం వదిలితే నల్లబడుతుంది, ఆ చేదు మరి పోదు. మూడు టమోటాలు, పావు ఉల్లిపాయ, ఒక వెల్లుల్లి రెబ్బ మిక్సీ పట్టి వడగట్టి పోయండి. చిటపటలాడుతుంది, దూరంగా నిలబడండి. ఎరుపు ముదిరేదాకా అయిదు నిమిషాలు, తర్వాత ఆరు కప్పుల కూరగాయల రసం (కూరగాయలు ఉడికించి వడగట్టిన నీళ్లు) పోసి పది నిమిషాలు. తలో అరకప్పు చొప్పున పద్నాలుగు మందికి సరిపోతుంది, పెద్దవాళ్లకి కూడా కావాలంటే రెట్టింపు చేయండి. ఫిదేయో ఉన్నకొద్దీ రసం పీల్చేస్తుంది. అరగంట ఆగితే ఉప్మా అవుతుంది. అందుకని ఒకటి రెండు కప్పుల వేడి రసం పక్కన ఉంచుకుని వడ్డించే ముందు కలపండి. బీన్స్ కొనేటప్పుడు డబ్బా మీద మాంతేకా అని ఉందేమో చూడండి, అది పందికొవ్వు.

ఎవరికేం పడదో లిఖితంగా అడిగి తెలుసుకోండి. ఇళ్ల నుంచి వండిన తిండి తేవడానికి మీ ప్రీస్కూలు ఒప్పుకుంటుందో లేదో తల్లిదండ్రుల్ని పిలవకముందే డైరెక్టరుని అడగండి. చాలాచోట్ల ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే వాళ్లని బల్లమీద పరిచే గుడ్డో, మోల్కహేతే (మన రోలే, అగ్నిశిల మీద చెక్కింది) లాంటి వస్తువో తెమ్మనండి. ద్రాక్షపళ్లు పెడితే నిలువునా నాలుగు ముక్కలు చేయాలి. పాప్‌కార్న్, పూర్తి గింజలు ఈ వయసుకి వద్దు.

వడ్డన పిల్లల చేతుల్లోనే ఉండాలి. ఆరుగురికొక బల్ల, బల్లకొక పెద్దమనిషి. పాల జగ్గు చిన్నది, సగానికే నింపండి, నిండుగా పోస్తే నాలుగేళ్ల మణికట్టు మోయలేదు. గిన్నెకో పావుకప్పు గరిటె. గిన్నె ఇటివ్వమని అడిగే మాట ‘మే పాసస్ లోస్ ఫ్రిహోలెస్, పోర్ ఫావోర్?’ (కాస్త బీన్స్ ఇటిస్తావా?) ఇక్కడ మన అలవాటు ఒకటి ఆపుకోవాలి: కొసరి కొసరి వడ్డించడం. ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో పెద్దవాళ్లు చూసుకోవాలి, తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్ల ఇష్టం. పోషకాహార నిపుణురాలు ఎలిన్ సాటర్ చెప్పిన ఈ పంపకం ప్రీస్కూళ్లలో బాగా వాడుకలో ఉంది. అందుకే అడగడంకన్నా ముందు వద్దనడం నేర్పండి: ‘యా నో, గ్రాసియాస్.’ చాలు, థాంక్స్. ఆ మాట వచ్చిన పిల్లలు పళ్లెం తోసేయరు, ఏడవరు. శుక్రవారం అబ్వేలాలు బతిమాలడం మొదలుపెడితే పిల్లల నోట అది వినిపిస్తుంది, కంగారు పడొద్దు.

తినడం మొదలుపెట్టే ముందు ప్రార్థనకి మీరు పూనుకోకండి, కుటుంబాలు తమకు తాము చేసుకుంటే చేసుకోనివ్వండి. అందరికీ సరిపోయే మాట ‘బ్వెన్ ప్రొవేచో’, హాయిగా తినండి అని. కూర్చున్నవాళ్లకే కాదు, మెక్సికోలో హోటల్లో పక్క బల్ల దాటి వెళ్లే అపరిచితులు కూడా ‘ప్రొవేచో’ అని వెళ్తారు.

పులిహోర మీ డైరెక్టరు సరేనంటే తప్పకుండా తీసుకెళ్లండి. నిమ్మకాయ పులిహోర చేయండి, మెక్సికోలో లిమోన్ అనేది మన పచ్చి నిమ్మకాయ లాంటిదే. కాబట్టి ‘అర్రోస్ కోన్ లిమోన్’ అంటే వాసన ముందే తెలిసిపోతుంది. వేరుశనగలు వేయకండి, శనగపప్పూ మినప్పప్పూ పంటికి గట్టిగా తగులుతాయి, అవీ మానేయండి. ఆవాలు, కరివేపాకు, పసుపు చాలు. పచ్చిమిర్చి తాలింపులో చీల్చి వేసినా కలిపేముందు లెక్కపెట్టి తీసేయండి. ఆ పసుపు అన్నం చూసి పిల్లలు మిమ్మల్ని మొదట అడిగేది ఒక్కటే: ‘పీకా?’ అప్పుడు ధైర్యంగా ‘నో పీకా’ అనండి.